నైనితాల్ సరస్సుకి ఊపిరి ఎందుకు ఆడలేదు?

రాసినది: తొమ్మిదవ తరగతి విద్యార్థిని

ఈ వ్యాసం కొంచెం పెద్దది. మూడు చార్టులు పట్టింది. భోజనం గంట కొట్టే లోపల ఒక చార్టు చదవండి, మిగిలినవి సాయంత్రం చదవండి. కానీ చివరిదాకా చదవండి. ఎందుకంటే చివర మన హాస్టల్ సంగతి ఉంది.

మా అత్త అడిగిన ప్రశ్న

మా మేనత్త ఊరు మన బడికి కింద ఉంది. గెడ్డ వెంట నడిస్తే అరగంట. ఆ ఊరి దగ్గర గెడ్డకి అడ్డంగా చెక్‌డ్యాం కట్టారు. దాని వెనక నీళ్ళు నిలిచి చిన్న చెరువులాగ ఉంటుంది. ఊళ్ళో వాళ్ళు పశువుల్ని అక్కడే తాగిస్తారు, చేపలు పట్టుకుంటారు.

కార్తీక మాసంలో తుఫాను అన్నారు కదా. మూడు రోజులు మబ్బు కమ్మింది గాని పెద్ద వాన పడలేదు. నాలుగో రోజు తెల్లారేసరికి ఆ చెరువులో పరిగెలన్నీ తెల్లగా తేలిపోయాయి. ఊళ్ళో వాళ్ళు ఎవరో మందు కలిపారన్నారు. కింద వీధి కుర్రాడొకడి మీద అనుమానం పడ్డారు. రెండు వీధులకీ తగువు వచ్చి మాటలు మానేశారు.

ఆ ఆదివారం నేను వెళితే అత్త నన్ను అడిగింది. "ఏటే అమ్మీ, మా ఇళ్ళల్లో సదువుకున్నది నువ్వొక్కతివే. ఆ సేపలు ఎందుకు సచ్చిపోనాయో సెప్పు."

నాకు జవాబు తెలియలేదు. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. అమ్మ, నాన్న వేలిముద్ర వేస్తారు. తొమ్మిదో తరగతి దాకా చదివి ఈ చిన్న ప్రశ్నకి జవాబు చెప్పలేకపోయానని సిగ్గు వేసింది. బడికి వచ్చి మా సైన్స్ సారుని అడిగాను. సారు వెంటనే చెప్పలేదు. "ముందు నైనితాల్ సరస్సు గురించి చదువు. తరవాత నువ్వే చెప్పు" అన్నారు. పుస్తకం ఇచ్చారు, అర్థం కానివి బోర్డు మీద బొమ్మ వేసి చెప్పారు. నాకు అర్థమైనది అందరికీ చెబుతున్నాను.

నైనితాల్ ఎక్కడ ఉంది?

నైనితాల్ మన దేశానికి ఉత్తరాన, హిమాలయాల కింది వరుస కొండల్లో ఉంది. ఆ ప్రాంతం పేరు కుమావూఁ. ఇప్పుడు అది ఉత్తరాఖండ్ రాష్ట్రం. 'తాల్' అంటే సరస్సు. ఒడ్డున నైనాదేవి గుడి ఉంది. సరస్సు సముద్రమట్టానికి సుమారు 1,940 మీటర్ల ఎత్తులో ఉంది. పొడవు ఇంచుమించు ఒకటిన్నర కిలోమీటరు. బాగా లోతైన చోట 27 మీటర్లు ఉంటుంది. అంటే తొమ్మిది అంతస్తుల మేడ మునిగిపోతుంది.

చుట్టూ కొండలు, నడుమ సరస్సు. జావ గిన్నె అడుగున జావ నిలిచినట్టు ఉంటుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి. గిన్నె అంచు మీద ఏది పడినా జారి అడుగుకే వస్తుంది.

1841లో బారన్ అనే తెల్లదొర, పంచదార వ్యాపారి, ఆ సరస్సుని చూశాడు. తరవాత తెల్లదొరలు ఎండాకాలం గడపడానికి అక్కడ ఇళ్ళు కట్టుకున్నారు, ఊరు పెరిగింది. 1880 సెప్టెంబరులో పెద్ద వానలకి కొండచరియ విరిగి పడి 151 మంది చనిపోయారు. ఆ తరవాత వాన నీళ్ళు కొండలో ఇంకి మళ్ళీ విరగకుండా కొండల మీద కాలవలు కట్టారు. ఆ నీళ్ళన్నీ సరస్సులోకి దిగాయి. కొండని కాపాడడానికి అది మంచి పనే. కానీ ఊరు పెద్దదయ్యాక ఆ కాలవల్లో వాన నీళ్ళతో పాటు ఇళ్ళ మురుగు, హోటళ్ళ ఎంగిలి, గుర్రాల పేడ, ఇళ్ళు కట్టే మట్టి కూడా దిగాయి. ఆ ఊరు తాగే నీళ్ళు కూడా ఆ సరస్సు మీదనే ఆధారపడి ఉన్నాయి.

నీళ్ళకి కూడా తిండి ఉంటుంది

వరికి ఎరువు వేస్తే ఏపుగా పెరుగుతుందని మనకి తెలుసు. నీళ్ళలో కూడా పంట ఉంది. దాన్నే మనం పాచి, నాచు అంటాం. పుస్తకంలో శైవలాలు అని రాస్తారు. కొన్ని ఎంత చిన్నవంటే కంటికి ఒక్కొక్కటీ కనబడవు, అన్నీ కలిసి నీళ్ళని పచ్చగా చేస్తాయి.

ఈ పాచి చెడ్డది కాదు. ఎండ తీసుకుని కిరణజన్య సంయోగక్రియ చేస్తుంది, ఆక్సిజన్ ఇస్తుంది. చిన్న పురుగులు దాన్ని తింటాయి, పురుగుల్ని చేపలు తింటాయి. పాచి అసలు లేకపోతే చేప లేదు. ఎక్కువైతేనే ముప్పు.

పాచి పెరగడానికి ముఖ్యంగా కార్బన్, నత్రజని, భాస్వరం కావాలి. వీటినే పోషకాలు అంటారు. ఒక పాలు భాస్వరం ఉంటే పాచికి ఏడు పాళ్ళ నత్రజని, నలభై పాళ్ళ కార్బన్ కావాలి. కార్బన్ గాలి నుంచి వస్తుంది. నత్రజని కూడా గాలిలో బోలెడు ఉంది. నీలి ఆకుపచ్చ రకం పాచి కొన్ని దాన్ని గాలి నుంచే పట్టుకుంటాయి. కానీ భాస్వరం గాలిలో లేదు. అది రాళ్ళు, మట్టి, పేడ, ఎముకలు, తిండి వీటిల్లోనే ఉంటుంది. అందుకే శుభ్రమైన సరస్సులో అన్నీ ఉన్నా భాస్వరం చాలక పాచి ఆగుతుంది. వంటలో అన్నీ ఉండి ఉప్పు లేకపోతే కూర దిగదు కదా, అలాగ.

పరదా కట్టిన సరస్సు

ఇది నిజమేనా అని ఎవరైనా అడగొచ్చు. అందుకు ఒక మంచి ప్రయోగం ఉంది. కెనడా దేశంలో ఒంటారియో అడవుల్లో చాలా చిన్న సరస్సులు ఉన్నాయి. అందులో ఒకదానికి పేరు బదులు 226 అని నంబరు పెట్టారు. అది నడుమ సన్నగా ఉంటుంది. 1973లో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు ఆ సన్నని చోట పైనుంచి అడుగుదాకా పరదా కట్టి సరస్సుని రెండు సగాలు చేశారు.

ఒక సగంలో కార్బన్, నత్రజని వేశారు. రెండో సగంలో కార్బన్, నత్రజని, వాటితో పాటు భాస్వరం వేశారు. మొదటి సగం మామూలుగానే ఉంది. రెండో సగం మొత్తం పచ్చగా పాచి కట్టింది. పైనుంచి తీసిన ఫొటోలో పరదాకి ఒక వైపు నల్లని నీళ్ళు, ఒక వైపు పచ్చని నీళ్ళు. ఆ ఫొటో చూస్తే చదువు రానివాళ్ళకి కూడా అర్థమవుతుంది. మా అత్తకి కూడా అర్థమవుతుంది.

బియ్యపు గింజల లెక్క

ఎంత భాస్వరం ఉంటే ఎక్కువ? ఈ లెక్క నేను మూడు సార్లు చేశాను. మొదట నమ్మకం కుదరలేదు.

మన హాస్టల్ మీద 1,000 లీటర్ల నల్ల ట్యాంకు ఉంది కదా. ఒక బియ్యపు గింజ బరువు సుమారు 20 మిల్లీగ్రాములు అనుకోండి.

1,000 లీటర్ల సరస్సు నీటిలో భాస్వరం 10 మిల్లీగ్రాముల లోపు ఉంటే అది చాలా శుభ్రమైన సరస్సు. అంటే ట్యాంకు మొత్తానికి అర బియ్యపు గింజ ఎత్తు.

10 నుంచి 35 మిల్లీగ్రాములు ఉంటే మధ్యరకం.

35 దాటితే పోషకాలు ఎక్కువైన సరస్సు. దీన్ని యూట్రొఫికేషన్ అంటారు. పలకడం కష్టం గాని అర్థం సులువే, నీళ్ళకి తిండి ఎక్కువైపోవడం.

100 దాటితే బాగా పాడైనట్టు. అంటే ట్యాంకుకి ఐదు గింజల ఎత్తు.

మంచి నీళ్ళకీ పాడైన నీళ్ళకీ తేడా నాలుగైదు గింజలు మాత్రమే!

ఇప్పుడు ఇంకో లెక్క. ఒక మనిషి శరీరం నుంచి రోజుకి మలమూత్రాల్లో సుమారు ఒక గ్రాము పైనే భాస్వరం పోతుంది. ఒక గ్రాము అంటే 1,000 మిల్లీగ్రాములు. ఒక్క మనిషి, ఒక్క రోజుది, పది ట్యాంకుల నీళ్ళని 100 దాకా తీసుకుపోతుంది. ఇది కాక బియ్యం కడిగిన నీళ్ళు, ఎంగిలి, గిన్నెలు తోమిన బూడిద, బట్టల సబ్బు పొడుల్లో కొన్ని, అన్నిటిలోనూ భాస్వరం ఉంటుంది. డి.ఏ.పి. బస్తా మీద 18-46 అని రాసి ఉంటుంది చూడండి, ఆ 46 భాస్వరం లెక్కే. చెట్లు కొట్టిన కొండ మీద వాన పడితే మట్టి కొట్టుకుని వస్తుంది. ఆ మట్టి రేణువులకి భాస్వరం అంటుకుని వస్తుంది.

అడుగు నీళ్ళకి గాలి అందలేదు

పచ్చగా ఉంటే చేప ఎందుకు చావాలి, తిండి ఎక్కువ కదా అని నాకు అనుమానం వచ్చింది. మీకూ వస్తుంది. ఇదే అసలు సంగతి.

ఎండాకాలంలో సరస్సు పైనీళ్ళు వెచ్చబడతాయి. వెచ్చని నీళ్ళు తేలిక, చల్లని నీళ్ళు బరువు. అందుకని వెచ్చవి పైన, చల్లవి కింద, రెండు పొరలుగా ఉంటాయి. ఒకదానిలో ఒకటి కలవవు. లోతైన చెరువులో ఈదినవాళ్ళకి కాలు కిందకి పోతే చల్లగా తగులుతుంది, అదే. గాలి పైపొరకే తగులుతుంది. ఎండ పైపొరకే అందుతుంది. కింద పొర తలుపులు మూసిన గది లాంటిది. మొదట ఎంత ఆక్సిజన్ ఉంటే అంతే, కొత్తది రాదు.

పైన పెరిగిన పాచి కొన్ని రోజులకి చచ్చి అడుగుకి దిగుతుంది. అక్కడ బాక్టీరియాలు దాన్ని కుళ్ళబెడతాయి. కుళ్ళబెట్టడానికి ఆక్సిజన్ వాడుకుంటాయి. పాచి కొంచెమైతే ఫరవాలేదు. పాచి ఎక్కువైతే గదిలో ఆక్సిజన్ మొత్తం అయిపోతుంది. తరవాత ఆక్సిజన్ అక్కర లేని బాక్టీరియాలు బయలుదేరతాయి. వాటివల్ల కుళ్ళిన గుడ్డు కంపు వస్తుంది.

నైనితాల్‌లో ఇదే జరిగింది. ఏడాదిలో ఎక్కువ నెలలు అడుగు నీళ్ళలో ఆక్సిజన్ లేకుండా పోయింది. పైన పడవలు తిరుగుతున్నాయి, జనం ఫొటోలు తీసుకుంటున్నారు. కింద మాత్రం ఊపిరి లేదు.

చలికాలంలో పైనీళ్ళు కూడా చల్లబడి బరువెక్కుతాయి. అప్పుడు పొరలు పోయి పైనీళ్ళు, కిందినీళ్ళు కలుస్తాయి. మంచి సరస్సుకి ఇది మేలు, అడుగుకి గాలి అందుతుంది. కానీ నైనితాల్‌లో ఊపిరి లేని కింది నీళ్ళు పైకి వచ్చి మొత్తం నీళ్ళలోనే ఆక్సిజన్ తగ్గించేశాయి. అలా చలికాలంలో చేపలు చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చిన సంవత్సరాలు ఉన్నాయి.

కొండ సరస్సుకి ఇంకో కష్టం కూడా ఉంది. కొండ మీద గాలి పలచన. సముద్రమట్టం దగ్గర 20 డిగ్రీల నీళ్ళు లీటరుకి 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ దాచుకోగలవు. నైనితాల్ ఎత్తులో అవే నీళ్ళు 7 మాత్రమే దాచుకుంటాయి. 4, 5 కన్నా తగ్గితే చాలా చేపలకి కష్టం. అంటే కొండ సరస్సుకి మొదటి నుంచీ చేతిలో డబ్బు తక్కువ. ఖర్చు మాత్రం మైదానం చెరువంత పెట్టించాం.

అడుగు బురద ఇచ్చే పాత అప్పు

మురుగు కాలవలు ఇవాళ మూసేస్తే రేపు సరస్సు బాగవుతుందా? కాదట. ఎందుకో చూడండి.

అడుగు బురదలో ఇనుము ఉంటుంది. ఆక్సిజన్ ఉన్నంత కాలం ఆ ఇనుము భాస్వరాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఆక్సిజన్ అయిపోతే ఇనుము కరిగి భాస్వరాన్ని వదిలేస్తుంది. అది మళ్ళీ నీళ్ళలో కలుస్తుంది. మళ్ళీ పాచి, మళ్ళీ చావు, మళ్ళీ కుళ్ళు. బయట నుంచి కొత్త మురుగు రాకపోయినా పాత మురుగు లోపలి నుంచే తిండి పెడుతుంది. షావుకారు దగ్గర తాత తీసుకున్న అప్పు మనవడు కట్టినట్టు.

నైనితాల్ వాళ్ళు ఏం చేశారు?

ఆ ఊరి చదువుకున్నాయన ఒకరు, అజయ్ సింగ్ రావత్ అనే ఆచార్యుడు, సరస్సుని కాపాడమని సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 1995లో కోర్టు తీర్పు చెప్పింది. మురుగు నీళ్ళు ఎట్టి పరిస్థితిలోనూ సరస్సులో కలవకూడదు అంది. గుర్రాల పేడ సరస్సుకి చేరకూడదు అంది. కాలవల మీద ఇళ్ళు కట్టే సామాను పోయకూడదు, పెద్ద పెద్ద అంతస్తుల మేడలు కట్టకూడదు అంది. దేశంలో అన్నిటికన్నా పెద్ద కోర్టు పేడ గురించి మాట్లాడిందంటే నాకు ఆశ్చర్యం వేసింది. పేడ చిన్న సంగతి కాదని బియ్యపు గింజల లెక్క చేశాక అర్థమైంది.

2007లో సరస్సుకి గాలి పెట్టడం మొదలుపెట్టారు. ఒడ్డున యంత్రాలు పెట్టి గొట్టాలతో సరస్సు అడుగుకి గాలి పంపిస్తారు. అడుగు నుంచి బుడగలు లేచి కింది నీళ్ళని పైకి తెస్తాయి. దానివల్ల అడుగు నీళ్ళకి ఆక్సిజన్ అందింది. ఇనుము మళ్ళీ భాస్వరాన్ని పట్టుకోవడానికి వీలైంది.

అయితే సారు ఒక మాట చెప్పారు. ఆసుపత్రిలో ముక్కుకి గాలి గొట్టం పెడితే మనిషి బతుకుతాడు గాని రోగం పోయినట్టు కాదు. కాలవల్లో మురుగు వస్తున్నంత కాలం ఆ యంత్రాలు ఆపడానికి ఉండదు. రోగం గిన్నె అంచు మీద ఉంది, అడుగున కాదు.

పళ్ళెంతో పరీక్ష

నీళ్ళు బాగున్నాయో లేదో చూడడానికి పెద్ద యంత్రం లేకుండా ఒక ఉపాయం ఉంది. 1865లో ఇటలీ దేశపు మతగురువు ఆంజెలో సెక్కీ అనే ఆయన తెల్లని పళ్ళేన్ని తాడు కట్టి సముద్రంలోకి దింపాడు. ఎంత లోతులో కనబడకుండా పోయిందో కొలిచాడు. ఇప్పటికీ అన్ని దేశాల్లోనూ ఆ పళ్ళెం వాడుతున్నారు, సెక్కీ పళ్ళెం అంటారు.

అమెరికాలో తాహో అనే కొండ సరస్సు ఉంది. ఎత్తు నైనితాల్ అంతే, ఇంచుమించు 1,900 మీటర్లు. 1968లో పళ్ళెం సగటున 31 మీటర్ల లోతు దాకా కనబడింది. 1997 నాటికి 20 మీటర్ల దగ్గరకు వచ్చేసింది. పోషకాలు, సన్నని మట్టి దానికి కారణాలు. ఆ ఊళ్ళ మురుగుని శుభ్రం చేశాక కూడా సరస్సులో వదలరు. పంపులతో కొండ దాటించి అవతలికి పంపేస్తారు. అంత జాగ్రత్త పడినా ఇలా అయింది.

మేము కూడా ఒక పళ్ళెం చేశాం. పాత స్టీలు కంచానికి తెల్ల రంగు వేసి, బరువుకి రాయి కట్టి, తాడుకి జానెడుకొక ముడి వేశాం. మార్గశిరంలో ఒక ఆదివారం నలుగురం సారుతో వెళ్ళి మూడు చోట్ల దింపాం.

ఒకటి, బడికి పైన ఊట దగ్గరి మడుగు. ఏడు జానలు దిగింది, అడుగుకి తగిలింది, ఇంకా కనబడుతూనే ఉంది.

రెండు, మన స్నానాల గదుల కాలవ గెడ్డలో కలిసే చోటు దాటాక ఉన్న మడుగు. మూడు జానలకి మాయమైంది.

మూడు, అత్త ఊరి చెక్‌డ్యాం. ఒక జాన దాటగానే మాయమైంది.

నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎవరం మాట్లాడలేదు.

చేపలు ఎందుకు చచ్చిపోయాయి?

అప్పుడు అత్త చెప్పిన మాటలు గుర్తు తెచ్చుకున్నాను. చేపలు చావడానికి రెండు రోజుల ముందు నుంచే తెల్లవారుజామున పరిగెలు పైకి వచ్చి నోళ్ళు తెరిచాయట. మధ్యాహ్నానికి మళ్ళీ కిందకి పోయాయట. చివరి రోజు తెల్లారేసరికి చచ్చిపోయాయి. మట్టగిడసలు మాత్రం చావలేదు.

మందు కలిపితే మధ్యాహ్నానికి మళ్ళీ బాగవవు కదా. ఇది ఊపిరి సంగతి. చెక్‌డ్యాం నైనితాల్ అంత లోతు కాదు, దానికి ఆరు నెలల పొరలు ఉండవు. కానీ దానికీ ఒక లెక్క ఉంది. పగలు ఎండలో పాచి ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి ఎండ ఉండదు, అప్పుడు పాచి కూడా మనలాగే ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ. మూడు రోజులు మబ్బు కమ్మింది. పగలు సంపాదన తగ్గింది, రాత్రి ఖర్చు తగ్గలేదు. నాలుగో తెల్లవారుకి సంచి ఖాళీ. మట్టగిడస నీళ్ళ పైకి వచ్చి గాలి మింగి బతకగలదు. పరిగెకి ఆ విద్య లేదు.

ఆ కుర్రాడు మందు కలపలేదు. పాచికి తిండి పెట్టింది ఎవరు? పశువుల పేడ కొంత, పొలాల ఎరువు కొంత. కానీ పళ్ళెం ఏడు జానల నుంచి మూడు జానలకి పడింది మన కాలవ దగ్గరే. అంటే మనం. మూడు వందల మంది ఆడపిల్లలం. ఈ మాట రాయడానికి నాకు బాధగా ఉంది. ఈ బడి నాకు అక్షరం నేర్పింది, అన్నం పెడుతోంది. కానీ తెలిసీ రాయకపోతే ఆ కుర్రాడి మీద అబద్ధం అలాగే ఉండిపోతుంది.

మన బడి కూడా గిన్నె అంచు మీద ఉంది. మన కింద అత్త ఊరు ఉంది.

మనం ఏం చేయగలం?

భాస్వరం విషం కాదు. అది తప్పు చోటకి పోయిన ఎరువు. నీళ్ళలో పడితే చేపని చంపుతుంది, మట్టిలో పడితే అరటిగెల వేస్తుంది. కాబట్టి దాన్ని గెడ్డకి పోకుండా మట్టిలో ఆపాలి.

1. వంటగది నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు అరటి పాదులకి మళ్ళించాలి. ఈ పని మా తరగతి మొదలుపెట్టింది. గునపాలతో కాలవ తవ్వాం, ఆరు అరటి పిలకలు నాటాం. వంట అక్క కూడా సాయం చేసింది.

2. ఆదివారం బట్టలు గెడ్డలో ఉతకొద్దు. బకెట్టుతో నీళ్ళు తెచ్చుకుని ఒడ్డుకి ఇరవై అడుగుల దూరంలో బండ మీద ఉతుక్కుందాం. ఆ నీళ్ళు నేలలో ఇంకాలి.

3. ఎంగిలి మెతుకులు కాలవలో పారబోయొద్దు. పేడగుంతలో వేద్దాం.

4. స్నానాల గదుల నీళ్ళకి ఇంకుడు గుంత కావాలి. మరుగుదొడ్ల గుంత వానాకాలంలో పొంగి గెడ్డలోకి పోతోంది. దాన్ని బాగుచేయించాలి. ఇది పిల్లల వల్ల అయ్యే పని కాదు. పెద్దలకి వినయంగా మనవి చేస్తున్నాం. మురుగుతో పాటు రోగాల క్రిములు కూడా పోతాయి, కింద ఊరి పిల్లలు ఆ నీళ్ళలోనే ఆడుకుంటారు.

5. గెడ్డ ఒడ్డున గడ్డి, పొదలు కొట్టొద్దు. అవి మట్టిని ఆపుతాయి.

పాచి ఒక్క రోజులో పోదు. అడుగు బురద పాత అప్పు ఇస్తూనే ఉంటుంది. అయినా కొత్త అప్పు ఆపితేనే పాతది తీరుతుంది.

సంక్రాంతి సెలవుల్లో అత్త ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. నేల మీద బొగ్గుతో సరస్సు బొమ్మ వేసి చెప్పాను. అత్త, మావయ్య, ఇంకా ఐదారుగురు కూర్చుని విన్నారు. కింద వీధి ముసలాయన కూడా వచ్చి నిలబడ్డాడు. అంతా విని అత్త, "అయితే ఆ కుర్రోడు కాదన్నమాట" అంది. కొంచెంసేపు ఊరుకుని, "మరి మీ బడోళ్ళు ఇప్పుడేటి సేస్తారు?" అని అడిగింది.

మొదటి ప్రశ్నకి నేను చదివి జవాబు చెప్పాను. రెండో ప్రశ్నకి ఒక్కదాన్నే చెప్పలేను. మనమందరం కలిసి చెప్పాలి.

అక్కలారా, చెల్లెళ్ళారా! ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ మూడు చోట్లా పళ్ళెం దింపి లెక్క ఈ బోర్డు మీదే రాస్తాం. ఎవరైనా మాతో రావచ్చు. చెక్‌డ్యాంలో పళ్ళెం రెండు జానలు కనబడిన రోజున అత్తకి నేనే పరుగెత్తుకెళ్ళి చెబుతాను.

లెక్క చేయండి: ఒక మనిషి రోజుకి వదిలే ఒక గ్రాము భాస్వరం పది ట్యాంకుల నీళ్ళని పాడుచేస్తే, 300 మంది ఒక వారంలో వదిలేది ఎన్ని ట్యాంకుల నీళ్ళని పాడుచేస్తుంది? జవాబు కాగితం మీద రాసి బోర్డు కింద డబ్బాలో వేయండి. ఒప్పు చేసిన వాళ్ళ పేర్లు వచ్చే సంచికలో రాస్తాం.

తప్పులుంటే మన్నించండి.